వేరై యుండియు ఎడబాయకుండుట

రెండు వర్గములు తమ వేరిమిని కాపాడుకొనవలెనన్నచో నడుమ గోడ కట్టక తప్పదని పలువురు తలంతురు. ఈ తలంపు సరికాదని గణితశాస్త్రము చూపుచున్నది. సంఖ్యారేఖపై భిన్నములుగా వ్రాయదగిన సంఖ్యలు కొన్ని; 2 యొక్క వర్గమూలమువలె అట్లు వ్రాయరానివి కొన్ని. ఏ సంఖ్యయు రెండు వర్గములందును చేరదు. అయినను ఆ రేఖలో నెంత చిన్న తునకను గైకొన్నను అందు రెండును గానవచ్చును. ఇట్లు ప్రతి పరిసరమునందును వ్యాపించియుండు రెండు వేరు భాగములుగా విడదీయదగిన ప్రదేశములను 1943లో ఎడ్విన్ హ్యూయిట్ నిర్వచించెను. వానిని విభాజ్యములందము.

హైదరాబాదు పాతబస్తీని తలచినపుడు మాకీ నిర్వచనము జ్ఞప్తికి వచ్చును. 1591లో వెలసిన చార్మినారు చెంత మక్కామసీదు కలదు. కొంత దూరమున లాల్‌దర్వాజలో ఆషాఢమున బోనములెత్తుదురు. లాడ్‌బజారులో లక్కగాజులమ్ము అంగడికి ఉభయమతముల పెండ్లికూతుండ్రును వత్తురు. మతములు వేరు, వీధి యొక్కటి.

అయితే ఒకే సమూహముపై రెండు విధముల సామీప్యమును నిలిపి విచారింపవచ్చునని 1963లో కెల్లీ అను గణితవేత్త చూపెను. వీధివలన నేర్పడు పొరుగొకటి. విందులు, రాకపోకలవలన నేర్పడు పొరుగు మరియొకటి. మొదటిదానియందంతటను వ్యాపించినవారు రెండవదానియం దొకమూలనే నిలిచిపోవచ్చును. అంగడిలో నవ్వుచు పలుకరించి, ఇంటి పంక్తికి మాత్రము పిలువనివానిని పొరుగువాడనుట యెట్లు?

వర్గములు సైతము గిరిగీసినట్లుండవు. సభ్యత్వము ఉన్నదనియో లేదనియో గాక, 0కును 1కిని నడుమ నెంతయైన నుండవచ్చునని 1965లో లోట్ఫీ జాదే మసక సమితులను ప్రతిపాదించెను. ఇంట తెలుగును, అంగట ఉర్దూను మాటాడువాడు ఏ భాషవాడు? రెంటికిని కొంతకొంత చెందినవాడే. అతనిని ఒక గాటనే కట్టజూచుట అన్యాయము.

కలిసియున్నచో మన ప్రత్యేకత నశించునని కొందరి భయము. సంఖ్యారేఖపై నిన్ని యితర సంఖ్యల నడుమనుండియు ఒక్క భిన్నమైనను తన స్వభావమును గోల్పోయినదా? చెరుపు వేరొకచోట నున్నది. తాను దప్ప మరెవ్వరును లేని పరిసరముగల బిందువొక్కటి యున్నను, హ్యూయిట్ నిర్వచనము ప్రకారము ఆ ప్రదేశము విభాజ్యము గాదు. ఏలయన ఆ బిందువు కడ రెండవ వర్గమునకు చోటే లేదు. మతమునో కులమునో అడిగి ఇల్లు అద్దెకీయని గృహస్థు అట్టి బిందువు. అతడు తన తలుపు మాత్రమే మూసితిననుకొనును. చెడునది ఊరంతటి పొత్తు.

కావున ఊరిని దిద్దబోవుటకు ముందు, మన గుమ్మము ఎవరికి మూసియున్నదో చూచుకొందము.