కోర్టు మధ్యలో ఆగిపోయారా? అర్జునుడి రథం ఆగింది కూడా మధ్యలోనే!

ఓం నమో భగవతే వాసుదేవాయ.

మొన్నటి వీడియో కింద అశోక్ నగర్ నుంచి ఒక అబ్బాయి ప్రశ్న పెట్టాడు. రోజంతా సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుతాడట. ఆదివారం ఫ్రెండ్స్‌తో పికిల్‌బాల్ ఆడతాడట. "కోర్టులో ఎక్కడ నిలబడాలో ఇప్పటికీ తెలీడం లేదండీ. నిజం చెప్పాలంటే జీవితంలోనూ అంతే. మళ్లీ రాయాలా, ఊరెళ్లిపోవాలా?" అని అడిగాడు.

రెండు ప్రశ్నలకీ జవాబు ఒక్కటే. ముందు ఆట సంగతి చూద్దాం.

కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20. నెట్‌కి రెండు వైపులా 7 అడుగుల జాగాని కిచెన్ అంటారు. అందులో నిలబడి బంతిని గాల్లో కొట్టకూడదు. కాబట్టి నిలబడడానికి మంచి చోట్లు రెండే. ఒకటి వెనకాల బేస్‌లైన్ దగ్గర, రెండోది ముందు కిచెన్ గీతకి కాస్త ఇవతల. సర్వీస్ చేసిన జట్టులో ఇద్దరూ వెనకే ఉండాలి. ఎందుకంటే అవతలివాళ్లు తిప్పికొట్టిన బంతి ఒకసారి నేల మీద పడేదాకా వాళ్లు దాన్ని కొట్టకూడదు. ఆ తర్వాతే ముందుకి కదలాలి.

ఇక మిగిలింది మధ్యలోని 15 అడుగులు. అక్కడ నిలబడిపోతే బంతి సరిగ్గా మీ కాళ్ల దగ్గర పడుతుంది. అలాగని మధ్యని దాటకుండా ముందుకి వెళ్లలేం కదా! మరి బాగా ఆడేవాళ్లు ఏం చేస్తారు? అవతలివాళ్లు బంతి కొట్టే క్షణానికి, ఎక్కడుంటే అక్కడే ఆగుతారు. మోకాళ్లు కాస్త వంచి, కాళ్లు నిలదొక్కుకుని, వచ్చిన బంతిని నెమ్మదిగా అవతలి కిచెన్‌లోకి పంపి, మళ్లీ కదులుతారు. పరుగెత్తుతూ కొట్టరు. అక్కడే కాపురమూ పెట్టరు.

ఇప్పుడు కురుక్షేత్రానికి వెళ్దాం. రెండు సేనల మధ్య రథం నిలపమని అడిగింది అర్జునుడే. కృష్ణయ్య తీసుకెళ్లి భీష్ముడికీ ద్రోణుడికీ ఎదురుగా ఆపాడు. అర్జునుడి చేతిలోంచి గాండీవం జారింది. అప్పుడు స్వామి రథాన్ని ఇంటివైపు తిప్పలేదు. గుర్రాలని అదిలించి యుద్ధంలోకి ఉరికించనూ లేదు. అక్కడే ఆపి, మాట్లాడాడు. 18 అధ్యాయాల గీత పుట్టింది ఆ మధ్యలోనే! చివరికి కూడా, అంతా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమని నిర్ణయం అర్జునుడికే వదిలేశాడు.

నాన్నా, రిజల్ట్ వచ్చి నంబర్ లేనప్పుడు మీరు నిలబడి ఉన్నది ఆ మధ్యలోనే. అది పాపం కాదు, ఓటమి కూడా కాదు. కానీ కంగారులో నిర్ణయం తీసుకోకండి. ముందు కాళ్లు నిలదొక్కుకోండి. మళ్లీ రాయడం ఒక గీత. ఊరెళ్లి ఇంకో పని మొదలుపెట్టడం ఇంకో గీత. రెండూ గౌరవమైనవే. ఏదీ తేల్చుకోకుండా, రూమ్ అద్దె కడుతూ, ఇంట్లో "బాగానే చదువుతున్నా" అని చెబుతూ ఏళ్లు గడపడమే కాళ్ల దగ్గర పడే బంతి.

ఇంకో మాట. డబుల్స్‌లో ఒకరు ముందు, ఒకరు వెనక ఉండిపోతే ఇద్దరి మధ్యా ఖాళీ ఏర్పడుతుంది. బంతి అందులోంచే పోతుంది. అర్జునుడు మధ్యలో ఉన్నాడు గానీ ఒంటరిగా లేడు. తన భయం పక్కనున్నవాడితో దాచకుండా చెప్పుకున్నాడు. మీరూ ఇంట్లో అమ్మానాన్నలకి ఉన్నదున్నట్టు చెప్పండి.

ఈ వారం సాధన: శనివారం చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లండి. దర్శనమయ్యాక ఫోన్ జేబులో పెట్టి పది నిమిషాలు కూర్చోండి. ఏ తేదీలోపు తేల్చుకుంటారో ఒక కాగితం మీద రాసుకోండి. బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేయండి.

ఆదివారం కోర్టులో కలిసి ముందుకి కదలండి. సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.