విషవాణిజ్యము

శ్రావకుడు విడువవలసిన 15 వ్యాపారములలో విషవాణిజ్యమొకటి. 12వ శతాబ్దమున హేమచంద్రాచార్యులు రచించిన యోగశాస్త్రమునందును ఈ పట్టిక కలదు. అయినను నేడు పురుగుమందుల అంగడి గౌరవమైన వృత్తిగానే సాగుచున్నది. మందు లేనిదే పంట దక్కదు, పంట లేనిదే అన్నము లేదు. కావున ఇది గృహస్థునకు తప్పని ఉద్యోగహింసయే గాని సంకల్పహింస కాదని సమాధానము చెప్పుకొందురు. ఈ సమాధానము ఎంతవరకు నిలుచును?

నల్లిని చూడుడు. గుంటూరు సీమ మిరపచేలలో ఆకులు క్రిందికి ముడుచుకొనుటకు తెల్లనల్లి కారణము. ధర్మపురి జిల్లా వత్తల్‌మలై వంటి కాఫీ కొండలకు ఎండకాలమున ఎర్రనల్లి భయము. కంటికి సరిగా ఆనని ఈ జీవి వేడిమిలో కొద్ది దినములకే గ్రుడ్డునుండి పెరిగి తానును గ్రుడ్లు పెట్టును. ఒకే మందును మరల మరల చల్లినచో దానిని ఓర్చుకొనగల నల్లులే మిగులును. వాని సంతానమే చేనంతయు నిండును. రెండుచుక్కల నల్లి యొక్కటియే 90కి పైగా మందులకు లొంగకపోవుట ప్రపంచమున నమోదైనది. నల్లులను తిని రైతునకు మేలుచేయు అక్షింతల పురుగులు, వేటనల్లులు మాత్రము అదే మందుకు చచ్చును. డైకోఫాల్ అను నల్లిమందు చిరకాలము నశింపదని 2019లో స్టాక్‌హోమ్ ఒడంబడిక దానిని నిషేధపు పట్టికలో చేర్చినది.

ఇక ధర్మవిచారము. పంటను కాపాడు హింసను తప్పనిదందుము. పంటను కాపాడని హింసను ఏమందుము? పని చేయదని తెలిసియు అదే డబ్బాను మరల అమ్మినచో అహింస ఒక్కటే కాదు, అచౌర్యమును భంగమగును. రైతు మందును అప్పుమీద కొనిపోయి పంట అమ్మి తీర్చును. నల్లి చావకున్నను పద్దు పెరుగును. అంగడివానికి నష్టము లేదు గనుక అతనికి ప్రశ్నయు తోచదు. పాపము చేరు ద్వారము ఇదియే.

అంగళ్లు మూయుడని నేననను. మూసినచో మరియొకడు తెరచును. రైతు కష్టము తీరదు. కాని అమ్మకముందు మూడు మాటలడుగవచ్చును: ఆకు వెనుక నల్లి యున్నదా? క్రిందటిసారి ఏ మందు చల్లితివి? అది పనిచేసినదా? పనిచేయనిచో అదే జాతి మందును, పేరు మారినదైనను, ఇవ్వరాదు. నల్లి లేనిచో ఏదియు ఇవ్వరాదు. ఆనాటి బేరము పోవును. పరిగ్రహమునకు పరిమితి పెట్టుకొనుటయన్న వ్రతము ఇట్టి బేరముల యొద్దనే పరీక్షకు వచ్చును.

తెలియక అమ్మినది వృత్తి, తెలిసి అమ్మినది సంకల్పము. ఈ రెంటి నడుమ గీత శాస్త్రములో కాదు, మన గల్లాపెట్టె ముందే యున్నది.