ధారాపాత్ర క్రింది నిప్పు

కార్తిక సోమవారమునాడు, గోదావరి గట్టున నున్న మా యూరి శివాలయములో, ధారాపాత్రనుండి నీరు బొట్టుబొట్టుగా లింగముపై రాలుచుండగా, అర్చకులు ఏకాదశ రుద్రాభిషేకమునకు సంకల్పము చెప్పి ముగించి మారేడుదళముల పళ్లెరము అందుకొనుచుండగా, నా ప్రక్కన నిలిచియున్న ఆరేండ్ల మనుమడు నా కండువా చెంగు లాగి, “తాతయ్యా, ఇన్ని నీళ్లు పోస్తే శివుడికి జలుబు చెయ్యదూ?” అని యడిగినాడు. అర్చకులకు ఆ మాట వినబడినది. ఆయన నవ్వి, “ఎందుకు చేస్తుంది బాబూ! ఆయన లోపలంతా నిప్పే. ఎంత పోసినా చాల్లేదేమోనని మనకే భయం” అన్నారు. ఇంటికి వచ్చి ఒక జామకాయ తినునప్పటికి పిల్లవాడు ఆ సంగతి మఱచిపోయినాడు. నేను మఱవలేకపోయినాను.

విష్ణువు అలంకారప్రియుడనియు శివుడు అభిషేకప్రియుడనియు చిన్ననాటినుండి వినుచునే యున్నాము గాని, ఆయనకు పూలును పట్టుబట్టలును ఏల, ఈయనకు ఎడతెగని నీటిధార యేల యని అడిగినవారము తక్కువ. అడిగినచో ఒక పాతభయము బయటపడును. ఆకాశమంటు మంటను చూచి మనుష్యుడు చేతులు జోడించునప్పుడు, ఆ చేతులలో నున్నది భక్తియా, భయమా, లేక వింత చూచిన సంతోషమా? ఈ మూడింటిని మనము సులువుగా ఒక్కటిగా కలిపివేయుచున్నాము. కలుపరాదని నా యభిప్రాయము. ఎందులకో చెప్పవలెనన్నచో బాలిద్వీపమువఱకు పోవలసియున్నది.

బాలి ప్రజలలో అధికులు హిందువులు. వారి మతవిషయమైన వత్సరగణన మన శాలివాహన శకమే. ద్వీపమున కెల్ల ఉన్నతమైన అగుంగ్ పర్వతపు నైరృతి సానువున వారి మాతృదేవాలయమైన బెసాకి యున్నది. అక్కడ నూరేండ్ల కొకసారి, శకవత్సరపు నూరు నిండినప్పుడు, జరుపవలసిన మహాక్రతు వొకటి కలదు. దాని పేరు విన్న తెలుగువాడు ఒక్కక్షణము ఆగిపోవును: ‘ఏకాదశ రుద్ర’. అష్టదిక్కులకును, నడుమకును, ఊర్ధ్వమునకును, అధోభాగమునకును అధిపతులైన పదునొకండుగురు రుద్రులకు బలులిచ్చి, పెదండ లనబడు బ్రాహ్మణార్చకులు మంత్రపూర్వకముగా వారిని శాంతింపజేయుదురు. మా యూరి గుడిలో ఒక రాగిపాత్ర చేయు పనినే అక్కడ ఒక ద్వీపమంతయు కలిసి చేయుననుకొనవచ్చును.

1963లో శకవత్సరపు నూరు నిండలేదు. అయినను ఆ క్రతువును జరుపుటకు నిశ్చయించిరి. ఏర్పాట్లు సాగుచుండగనే, 1843 తరువాత నూటయిరువదేండ్లుగా కన్నువిప్పని అగుంగ్, ఫిబ్రవరి 18న పొగ చిమ్మ నారంభించినది. కొండ శిఖరమున బూడిదస్తంభము లేచుచుండగా క్రింద బలులు, స్తోత్రములు నడచినవి. మార్చి 17న పర్వతము పగిలినది. బండలు, బూడిద, మండు వాయువులు కలిసిన మేఘము, మేఘమువలె పైకి పోక, వఱదవలె వాలువెంట దిగినది. తరువాత వానలకు ఆ బూడిదయే వేడి బురదయై యేళ్లలో పాఱినది. మరణించినవారు వెయ్యికి మించిరి. బెసాకి మాత్రము, కొలది గజముల దూరములో ప్రవాహము తప్పిపోగా, నిలిచినది.

ఇక్కడ ఆగి ఆ దృశ్యమును గూర్చి కొంత చెప్పవలెను. ఏలయన చిక్కంతయు ఆ దృశ్యములోనే యున్నది. అగ్నిపర్వతము రేగినప్పుడు చూడదగినది మంటకన్న మేఘము, మేఘముకన్న మేఘములోని మెఱుపు. భూగర్భమున కరగియున్న శిలాద్రవములో వాయువులు అణగియుండును. అది పైకెక్కుకొలది, గోలీసోడా బుడ్డిలోని గోలీని నొక్కినప్పటి పొంగువలె, ఆ వాయువులు ఒక్కసారిగా విడివడి శిలను నురుగుగా, నురుగును నుసిగా చేయును. ఆ నుసి పగులునప్పుడు, రేణువులు ఒకదానితో నొకటి రాచుకొనునప్పుడు, వానికి విద్యుదావేశము పట్టును. ముతకరేణువులు త్వరగా క్రిందికి దిగుచు, సన్ననివి పైకి పోవుచుండగా ఆవేశములు వేఱుపడి, నడుమ ఆకాశము చిట్లును. మేఘము ఇంకను ఎత్తునకు పోయినచో అందలి నీటియావిరి మంచుపలుకులై, అవియు రాచుకొని, మన శ్రావణమాసపు ఉఱుముమేఘము చేయు పనినే చేయును. అగుంగ్ రేగిన ఆ 1963లోనే, నవంబరు 14న ఐస్‌లాండు దగ్గఱ సముద్రమునుండి ఒక క్రొత్తదీవి మండుచు పైకి వచ్చినది; శాస్త్రజ్ఞులు దాని మేఘములోని విద్యుత్తును కొలిచిరి. ఆ దీవికి సుర్ట్‌సే యని, అనగా లోకాంతమున జగత్తును కాల్చునట్టి సుర్ట్ అను అగ్నిరాక్షసుని దీవి యని, ఆ దేశపు పురాణమునుండియే పేరు పెట్టిరి. కొలుచువాడును పురాణమును విడువలేడు చూడుడు! 2022 జనవరి 15న పసిఫిక్ సముద్రములోని టాంగా దగ్గఱ లేచిన మేఘము 57 కిలోమీటర్ల యెత్తునకు పోయినది. అందు రమారమి రెండు లక్షల మెఱుపులు లెక్కకు వచ్చినవి. ఉద్ధృతదశలో నిమిషమునకు 2,600.

ఇంకొక చిన్న సంగతి యున్నది. నాకు పెద్దవానికన్న ఇదియే ప్రియము. అట్టి మేఘములో మెఱుపు దారిని పడిన బూడిదరేణువు కొన్నిసార్లు తత్క్షణము కరగి, గాలిలోనే చల్లారి, గుండ్రని గాజుపూస యగును. వెండ్రుకకన్న లావు కాదు. సూక్ష్మదర్శిని క్రింద నున్నగా మెఱయుచు కనబడును. ఇక బూడిద మాట వచ్చినది గావున చెప్పుచున్నాను, అది మనకును అన్యము కాదు: నంద్యాల జిల్లాలో, జుర్రేరు లోయలోని జ్వాలాపురమున, నేల త్రవ్వినచోట తెల్లని మెత్తని పొర యొకటి కనబడును, అది సుమత్రాలోని టోబా అగ్నిపర్వతము సుమారు 74,000 ఏండ్ల క్రిందట పేలినప్పుడు సముద్రము దాటి వచ్చిన బూడిద. ఊరి పేరునకును దీనికిని సంబంధ మున్నదని నేను చెప్పబోను. ఆ పొర క్రిందను పైనను మానవులు చెక్కిన రాతిపనిముట్లు దొరకినవి, అంతవఱకే రూఢి.

ఇంతటి దృశ్యమును చిత్రములో చూచి “ఆహా” యనని వాడెవడు? మా మనుమడు సెల్‌ఫోనులో చూపగా నేనును అన్నాను. జర్మను తత్త్వవేత్త కాంట్ 1790లో వెలువడిన తన గ్రంథమున ఉఱుముమేఘములను, అగ్నిపర్వతములను పేర్కొని, అవి మన హృదయమున మహోన్నతభావమును పుట్టించుననియు, మనము సురక్షితస్థానమున ఉన్నప్పుడే అట్లు జరుగుననియు నిర్ణయించెను. మన ఆలంకారికులు ఈ విషయమును అంతకు ఎనిమిది శతాబ్దులకు ముందే, నా దృష్టిలో ఇంకను నిశితముగా, విచారించిరి. దుష్యంతుని బాణమునకు బెదరి పరుగెత్తు లేడిని రంగమున చూచునప్పుడు ప్రేక్షకునకు కలుగు భయానకరసమును అభినవగుప్తుడు పరీక్షించి, ఆ భయము లేడిది గాని, నటునిది గాని, ప్రేక్షకునిది గాని కాదనియు, ఎవరికిని చెందని భయమగుటచేతనే అది ఆస్వాదింపదగిన దగుననియు తేల్చెను. ఎవరిది కాని భయము రసము. నాదైన భయము భయమే. అగ్నిపర్వతపు మెఱుపును చూచి పులకించు మనము ఆ పులకరింతను దైవానుభవమని చెప్పుకొనునప్పుడు, మనము కూర్చున్నది నాటకశాలలో నని మఱచుచున్నాము. లేడి అక్కడ పరుగెత్తుచునే యున్నది.

క్రీ.శ. 79లో ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతము రేగినప్పుడు ఈ రెండు స్థితులను ఒకే యువకుడు, ఒక దినము వ్యవధిలో, చవిచూచినాడు. పదునేడేండ్ల ప్లినీ మిసేనమ్ నుండి, అఖాతమున కావల లేచుచున్న మేఘము ఆకారమును శ్రద్ధగా గమనించి, దానిని ఒక వృక్షముతో పోల్చెను. నౌకాదళాధిపతి యైన అతని మేనమామ ఓడలతో అటు పోగా, తాను చదువుకొనుచు ఇంట నిలిచెను. మేనమామ స్టాబియేలో మరణించెను. ఓడలు పోయిన మఱునాడు ఆ నల్లనిమేఘము, మెఱుపులవంటివే యైనను మెఱుపులకన్న పెద్దవైన జ్వాలలతో చీలుచు, మిసేనమునకే దిగినది. చీకటిలో తల్లిచేయి పట్టుకొని పోవుచు అతడు విన్నవి జనుల కేకలు. కొందఱు దేవతలను ప్రార్థించుచుండిరట. ఇక దేవతలే లేరని, ఇది లోకమునకు కడపటి రాత్రియని అంతకన్న ఎక్కువమంది అనుకొనుచుండిరట. అతడు చరిత్రకారుడైన టాసిటస్‌నకు వ్రాసిన లేఖలలో నున్న మాట యిది. మొదటిదినపు మేఘమున వృక్షము కనబడినది. రెండవదినమున ఎవరికిని వృక్షము కనబడలేదు.

ఇట్టి రెండవదినమునందు పనికివచ్చు ప్రార్థన యేదైన నున్నదా? ఉన్నదని నేను నమ్ముచున్నాను. అది మా గుడిలో ప్రతి సోమవారము వినబడునదే. కృష్ణయజుర్వేదములోని రుద్రాధ్యాయము మొట్టమొదట నమస్కరించునది రుద్రుని కరుణకు కాదు, కోపమునకు. ఆ తరువాత బాణమునకు, వింటికి, చేతులకు. ఆ వింటి నారి సడలవలెనని, అమ్ములపొది మాకు దూరముగ నుండవలెనని, మా పెద్దలను, పిల్లలను, పశువులను హింసింపవలదని అడుగును. నేను పుణ్యాత్ముడను గావున నన్ను విడువుమను వ్యాజ్యము అందు లేదు. ఎదుటివాని మహిమను చూచి పరవశించుటయు దానికి ప్రధానము కాదు. ఇది కొండ పాదమున కాపురముండువాని ప్రార్థన, దూరమునుండి చిత్రము తీయువానిది కాదు. అర్జునుని కథయు ఇంతే: విశ్వరూపమును మొదట విస్మయముతో చూచినవాడు, అందు తనవారును పరులును పడి నలుగుట కనబడినంతనే గడగడ వడకి, ఆ రూపము చాలును, ఎఱిగిన రూపమునే చూపుమని వేడుకొనెను. భగవంతుడు కోపగింపలేదు, మరల చెలికాడై నిలిచెను. ఆ వేడుకొనుటయే భక్తి యని నా మనవి. విస్మయము దానికి ముందు వచ్చిన ఉపోద్ఘాతము మాత్రమే.

ఇప్పుడు బెసాకి విషయము. గుడి నిలిచినది గనుక దేవతలు తమ శక్తిని చూపి తమ యింటిని కాపాడుకొనిరని కొందఱు బాలివాసులు చెప్పిరి. తిథి తప్పి క్రతువు చేసినందున ఆగ్రహించిరని మఱికొందఱు. ఈ రెండు సమాధానములును నాకు రుచింపవు. మొదటిదానిని, ఆ సానువుననే బూడిదక్రింద బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట నిలిచి పలుకగలవాడు నాకు కనబడడు. రెండవది రుద్రుని, గడువు దాటిన శిస్తునకు వడ్డీ కట్టించు కరణమును చేయుచున్నది. కాని వారిని ఎగతాళి చేయుటకును నాకు నోరు రాదు. కాలిన నేలమీద నిలిచి కారణము వెదకువాని మాటను, కాలని నేలమీద కూర్చుండి తూచుట న్యాయము కాదు. ఇంతమాత్రము చెప్పుదును: రుద్రుని బాణము దూరముగ పోవలెనని అడుగువాడు, ఆ బాణపుదారినుండి తానును ప్రక్కకు తొలగినచో అది నాస్తికత్వము కాదు. ప్రార్థనలో సగము అదియే.

బాలివారు చేసినది చూడుడు. శకము 1900 నిండినప్పుడు, 1979 మార్చిలో, అదే బెసాకిలో ఏకాదశ రుద్రక్రతువును మరల, ఈసారి కాలము తప్పక, జరిపిరి. పర్వతము కదలలేదు. 2017 సెప్టెంబరులో భూకంపమాపకములు అగుంగ్ లోపలి అలజడిని పట్టి చెప్పగా, లక్షకు మించిన జనము పశువులను తోలుకొని, దేవతామూర్తులను కొందఱు వెంట పెట్టుకొని, సానువులు దిగి శిబిరములకు చేరిరి. నవంబరులో కొండ బూడిద చిమ్మినది. ఆ దినములలో పూజలును జరిగినవి, ఊళ్లును ఖాళీ యైనవి.