పట్నంలో భోజనం ఎక్కడ?



ఫిబ్రవరి నెల దగ్గర పడుతోందంటే మన ఇళ్ళలో గుణదల మాట మొదలవుతుంది. చిలకలూరిపేటలోనైనా, చుట్టుపక్కల పల్లెల్లోనైనా, రాత్రి జపమాల ముగిశాక పెద్దలూ పిల్లలూ కూర్చుని మాట్లాడుకునే సంగతులు మీకు తెలియనివి కావు. ఎన్ని గంటల బస్సుకు బయలుదేరాలి? పొద్దున టిఫిన్ ఎక్కడ? మధ్యాహ్నం హోటల్లో తిందామా, పులిహోర కట్టుకుపోదామా? పూజ అయ్యాక ప్రకాశం బ్యారేజీ చూద్దామా, బట్టలు కొనడానికి బీసెంట్ రోడ్డుకు వెళ్దామా? ఇంతలో ఇంట్లో ఎవరో ఒకరు విసుక్కుంటారు: "మనం వెళ్ళేది మాత దర్శనానికా, తిండికీ తిరుగుళ్ళకా?"

ఈ మాట కొట్టివేయదగినది కాదు. యాత్రకు వెళ్ళే విశ్వాసులు తిండి గురించి, చూడవలసిన వింతల గురించి ముందుగా లెక్కలు వేసుకోవడం భక్తికి తక్కువైన పనా? ఈ వారం దీని గురించి కాస్త ఆలోచిద్దాం.

సువిశేషం తెరిచి చూడండి. ప్రభువు శ్రమలకు ముందు, పాస్క భోజనం వేళ దగ్గర పడినప్పుడు, శిష్యులు ఆయనను అడిగినది కూడ ఇదే: భోజనం ఎక్కడ సిద్ధం చేయాలి అని. వారు గలిలయ నుండి యెరూషలేముకు వచ్చినవారు. పండుగ జనంతో నగరం కిక్కిరిసి ఉంది. ఇలాంటి సమయంలో తిండి మాటలేమిటని ప్రభువు వారిని గద్దించలేదు. పేతురును, యోహానును ముందుగా నగరంలోకి పంపారు. నీళ్ళకుండతో ఒక మనిషి ఎదురవుతాడనీ, అతని వెంట వెళ్ళి ఆ ఇంటి యజమానిని గది అడగమనీ ఆనవాలు చెప్పి మరీ పంపారు. మేడమీది గది దొరికింది. శిష్యులు అన్నీ సిద్ధం చేశారు. మనం ప్రతి దివ్యబలిపూజలో స్మరించుకునే కడరా భోజనానికి కూడ ఎవరో ఒకరు ముందుగా వెళ్ళి గది చూడవలసి వచ్చింది, రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చేయవలసి వచ్చింది. కాబట్టి ఏర్పాటు చేసుకోవడమే అవిశ్వాసం అనడానికి వీలులేదు.

"మరి ఏమి తిందుమా అని చింతించవద్దని కొండమీది ప్రసంగంలో ప్రభువే బోధించారు గదా?" అని మీరు అడగవచ్చు. నిజమే. కాని చింత వేరు, ముందుచూపు వేరు. చింతపడేవాడు తనకు ఏమవుతుందోనని బెంగపెట్టుకుంటాడు. ముందుచూపు ఉన్నవాడు రేపు తన వెంట వచ్చేవారికి ఏమి కావాలో ఈ రోజే ఆలోచిస్తాడు. శ్రీసభ బోధించే నాలుగు మూల సద్గుణాలలో మొదటిది వివేకం. 13వ శతాబ్దపు వేదపండితులు పునీత తోమాస్ అక్వినాస్ ముందుచూపును ఆ వివేకంలో భాగంగానే లెక్కించారు. అంతేకాదు, అలసిన శరీరానికి విశ్రాంతి ఎలాగో అలసిన మనసుకు ఆటపాటలు అలాంటివని, వాటిని తగిన మోతాదులో ఉంచుకోవడం కూడ ఒక సద్గుణమేనని ఆయన బోధించారు. నలుగురి సరదాను చెడగొట్టేలా ముఖం ముడుచుకుని కూర్చోవడం కూడ ఆయన దృష్టిలో లోపమే. అంటే పూజ అయ్యాక పిల్లలకు కృష్ణానది చూపిస్తే మాత పట్ల అపచారం కాదు.

ఏర్పాటు చేసుకోవచ్చునా కూడదా అన్న ప్రశ్న అక్కడితో తీరిపోతుంది. తీరని ప్రశ్న మరొకటి ఉంది. ఆ ఏర్పాటు ఎవరిని దృష్టిలో పెట్టుకుని చేస్తున్నాం? మంచిచెడ్డలు తేలేది అక్కడ.

మన ఊరి సంగతే తీసుకుందాం. చిలకలూరిపేటకు రైలు లేదు. జాతీయ రహదారి మీద నడిచే బస్సులే మనకు దిక్కు. గుంటూరు మీదుగా విజయవాడ దాదాపు 80 కిలోమీటర్లు. అక్కడ దిగి గుణదలకు మళ్ళీ ఆటోనో, సిటీ బస్సో ఎక్కాలి. ఇటలీ నుండి వచ్చిన అర్లాటి గురువులు 1924లో లూర్దుమాత స్వరూపాన్ని నెలకొల్పినప్పటి నుండి పెరుగుతూ వచ్చిన ఆ పుణ్యక్షేత్రంలో, ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. పైగా మన వైపు ఫిబ్రవరి అంటే మిర్చి కోతల కాలం. కూలికి వెళ్ళే తల్లి పండుగకు వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బు లేకుండా పోయింది. సంతోషమే. కాని ఆమె టికెట్టు మీద మిగిలిన డబ్బు ఎవరి కోరికకు ఖర్చవుతోందో ఒకసారి చూసుకోండి.

ఆ తల్లి సంగతే ఇంకొంచెం చెప్పుకుందాం. హోటలు ఖర్చు ఎందుకని పులిహోర, పెరుగన్నం కట్టుకుపోదాం అంటాం. పొదుపైన మాటే. కాని తెల్లవారుజామున మూడు గంటలకు లేచి వండేది ఎవరు? కొండ దగ్గర ఆకులు పరచి అందరికీ వడ్డించి చివర తినేది ఎవరు? రాత్రి ఇల్లు చేరాక గిన్నెలు తోమేది ఎవరు? అందరికీ పండుగ. ఆమెకు మాత్రం వంట చేసే చోటు మారిందంతే. చేతిలో నాలుగు డబ్బులుంటే ఆ ఒక్కపూట హోటల్లో తినడం విలాసం కాదు, ఆమెకు మనం ఇచ్చే విశ్రాంతి. డబ్బు లేదా? అప్పుడు ముందురోజు రాత్రి కొడుకులు ఉల్లిపాయలు తరగాలి, భర్త చింతపండు పిసకాలి. అప్పుడే ఆ పులిహోర కుటుంబం మొత్తం చేసుకున్న భోజనం అవుతుంది.

మరొక సంగతి, పత్రికలో రాయడానికి చాలామంది మొహమాటపడేది. మరుగుదొడ్డి ఎక్కడుంటుందో తెలియక ఎంతోమంది స్త్రీలు ప్రయాణం రోజున పొద్దుటి నుండి గుక్కెడు నీళ్ళు తాగరు. ఎండలో కొండెక్కుతారు, తల తిరుగుతుంది, ఎవరికీ చెప్పరు. ఏ హోటల్లో ఏది రుచి అని అరగంట చర్చించే మనం, ఏ చోట ఆడవాళ్ళకు సరైన మరుగుదొడ్డి ఉందో ముందుగా కనుక్కుంటున్నామా? రుచి రెండు ఇడ్లీలతో మరచిపోయేది. దాహం ఒక మనిషి రోజంతా మోసేది. షుగరు ఉన్న తాతగారికి వేళకు అన్నం పడాలి. మోకాళ్ళ నొప్పుల నాయనమ్మ కొండమీది సిలువ దాకా ఎక్కలేదు. ఆమెను కింద నీడన కూర్చోబెడితే తోడుగా ఉండేది ఎవరో ఇంటి దగ్గరే అనుకోవాలి. "నేనుంటాను" అని మనవడు ఒకడు ముందుకు వస్తే, వాడు సిలువ దాకా ఎక్కకపోయినా యాత్ర చేసినట్టే.

ఇక బంధువుల ఇల్లు. విజయవాడలో చెల్లెలు కాపురం ఉంది. వెళ్ళకుండా హోటల్లో తిని వచ్చేస్తే, "మా ఇంట్లో అన్నం లేదనుకున్నావా అన్నయ్యా?" అని నొచ్చుకుంటుంది. చెప్పకుండా ఎనిమిది మంది దిగితే, రెండు గదుల అద్దె ఇంట్లో ఆ చెల్లెలు నవ్వు ముఖంతో బియ్యం అప్పుకు పరుగెత్తుతుంది. ప్రభువు జక్కయ్య ఇంటికి తానే వస్తానని చెప్పారు. మార్తమ్మ ఇంట భోజనానికి కూర్చున్నారు. అతిథిగా వెళ్ళడం ప్రేమకు గుర్తే. కాని ఆ మార్తమ్మ పనుల భారంతో ఎంత నలిగిపోయిందో కూడ పునీత లూకా రాసిపెట్టారు. కాబట్టి ముందుగా ఫోను చేసి, వంట పెట్టవద్దని చెప్పి, భోజనం ముగించుకుని సాయంత్రం పండ్లతో వెళ్ళి గంటసేపు కూర్చోవచ్చు. లేదా ఆమెనూ పిల్లలనూ మనతోపాటు భోజనానికి పిలవవచ్చు. ఆమె గౌరవమూ నిలుస్తుంది, ఆమె సంచిలోని బియ్యమూ నిలుస్తుంది.

డబ్బు సంగతి కూడ ఉంది. 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో 5 రూపాయలకు పూట గడుస్తుంది. చేతిలో లేనివారు అక్కడ తినడంలో నామర్దా ఏమీ లేదు. ఉన్నవారు చవక అని ఆ వరుసలో నిలబడి, వెనుకనున్న కూలివాడికి పళ్ళెం అందకుండా చేయడం మాత్రం తగదు. అలాగే వడ్డీకి అప్పు తెచ్చి పట్నం తిరగడం మాత అడిగిన మొక్కుబడి కాదు. ఒకే రోజులో ఉండవల్లి గుహలు, భవానీ ద్వీపం, 2024లో స్వరాజ్ మైదానంలో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, బజారు అన్నీ చుట్టాలనుకుంటే ఏదీ చూసినట్టుండదు. ఒక్కటి ఎంచుకోండి. ఈ ఏడు ఎంచుకునే హక్కు ఇంట్లో ఎప్పుడూ ఎవరూ అడగని మనిషికి ఇవ్వండి.

పునీత జోజప్పగారు, మరియతల్లి కూడ ఏటా పాస్క పండుగకు యెరూషలేము ప్రయాణం చేసినవారే. బాలయేసుకు పన్నెండేళ్ళ వయసులో ఏమి జరిగిందో మీకు తెలుసు. బిడ్డ బంధువుల గుంపులో ఉన్నాడనుకుని వారు ఒక దినం ప్రయాణం సాగించారు. మూడవ రోజున గాని దేవాలయంలో కనిపించలేదు. ఆ బాలుడు తన తండ్రి పనిమీదే ఉన్నాడు. అయినా తల్లిదండ్రులు పడిన వేదన నిజం. అంతటి పవిత్ర కుటుంబంలోనే "ఎవరో ఒకరి దగ్గర ఉంటాడులే" అనుకోవడం జరిగితే మనమెంత? కాబట్టి ఏ బిడ్డ ఎవరి చేయి పట్టుకోవాలో పేర్లతో సహా చెప్పుకోండి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో చెప్పండి. చిన్నపిల్లల జేబులో ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి.

ఇన్ని ఏర్పాట్లు చేసుకున్నా అవి చెడిపోవచ్చు. అపొస్తలులకు అన్నం తినడానికి కూడ తీరిక లేనప్పుడు, కాస్త విశ్రాంతి తీసుకుందామని ప్రభువే వారిని పడవలో ఏకాంత స్థలానికి తీసుకుపోయారు. తీరా అక్కడికి చేరేసరికి జనం ముందే వచ్చి ఉన్నారు. ఆయన విసుక్కోలేదు, జాలిపడ్డారు. ఐదు రొట్టెలు, రెండు చేపలు పంచిన రోజు అదే. మన ప్రయాణంలో కూడ ఎవరో పెద్దామె సొమ్మసిల్లి పడితే, బ్యారేజీ చూడటం ఆగిపోతే, ఆ రోజు పాడైపోయిందని అనుకోకండి.

బయలుదేరే ముందు రాత్రి ఒక కాగితం తీసుకోండి. హోటళ్ళ పేర్లు, చూసే చోట్లు తర్వాత రాయవచ్చు. ముందు వచ్చేవారి పేర్లు రాయండి. అందరికంటే నెమ్మదిగా నడిచేవారి పేరు మొదట రాయండి. ప్రతి పేరు పక్కన ఆ మనిషికి కావలసినదేమిటో వారినే అడిగి రాయండి. ఆ పైన జపమాల చెప్పుకుని పడుకోండి. పట్నంలో భోజనం ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు ఆ కాగితమే చెబుతుంది.