నాలుగో గతి ఉందా?

రెడ్డిగూడెం వైపు మామిడి తోటలున్న వాళ్లలో చాలామంది కాయ తామే కోసి అమ్ముకోరు. పూత చూసి వ్యాపారి వస్తాడు, తోట గుత్తకు మాట్లాడుకుంటాడు. ఆ తర్వాత గాలివాన కొట్టినా, నున్న మార్కెట్లో కలెక్టరు కాయ ధర పడిపోయినా నష్టం అతనిదే. చెట్టున్న వాడికి గుత్త డబ్బు ముందే ముట్టి ఉంటుంది. షేర్లున్న వాడికి వచ్చే డివిడెండు కూడా కొంచెం ఇలాంటిదే. కోసింది వాడు కాదు, మోసింది వాడు కాదు, చెట్టు మాత్రం వాడిది. తేడా ఒక్కటే. గుత్తదారుడు ఇంతని ఒప్పుకుని ఇస్తాడు, కంపెనీ అలా ఒప్పుకోదు. మిగిలితే ఇస్తుంది, లేకపోతే లేదు. గాలివాన నష్టం ఇక్కడ వాటాదారుడిదే.

ఏటా గుత్త డబ్బుతో పక్క చేలో నాలుగు సెంట్లు కలుపుకుంటూ పోయేవాణ్ణి ఊళ్లో గట్టివాడంటారు. డివిడెండు తినకుండా, దానితో మళ్లీ అదే కంపెనీ షేర్లు కొనడం కూడా ఆ గట్టితనమే. అమెరికాలో దీన్ని ఒక పద్ధతిగా పెట్టేశారు, డ్రిప్ అంటారు. అక్కడ ఉద్యోగాలు చేసే మన పిల్లల్లో ఈ ఏర్పాటు పెట్టుకున్నవాళ్లున్నారు. డివిడెండు వాళ్ల చేతికి రాదు. ఒక షేరుకు చాలని డబ్బయితే షేరులో ముక్క, పదో వంతో ఇరవయ్యో వంతో, ఖాతాలో కలుస్తుంది. ఒకసారి సరేనంటే చాలు, ఏళ్ల తరబడి ఎవరూ మళ్లీ అడగరు.

మనకు ఆ సదుపాయం దాదాపు లేదు. మన దగ్గర కంపెనీ షేరును ముక్కలుగా అమ్మరు. యాభై షేర్లున్న మనిషికి షేరుకు మూడు రూపాయల చొప్పున వస్తే నూటయాభై. షేరు ధర తొమ్మిది వందలైతే ఆ నూటయాభైతో ఏం కొంటాడు? డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది, ఫోనుకు మెసేజ్ వస్తుంది, అంతే. ఒకప్పుడు డివిడెండు వారంటు పోస్టులో వచ్చేది. చిల్లుల గీత వెంట చించి, వెనక సంతకం పెట్టి, బ్యాంకులో స్లిప్పు రాసి ఇవ్వాలి. నలభై ఏడు రూపాయల వారంటు కోసం పూట పోగొట్టుకున్న వాళ్లను చూశాను. విసుక్కునేవారు, కానీ ఆ నలభై ఏడు రూపాయలు వచ్చినట్టు వాళ్లకు తెలిసేది.

మ్యూచువల్ ఫండ్లలో మాత్రం డివిడెండును తిరిగి పెట్టే ఏర్పాటు మనకూ ఉంది. దాని పేరును 2021 ఏప్రిల్ నుంచి సెబీ మార్పించింది. డివిడెండు అనకూడదట, 'ఆదాయ పంపిణీ, మూలధన ఉపసంహరణ' అనాలట. నోరు తిరగని పేరే గానీ, నిజం చెప్పే పేరు. పంచినంత మేరా యూనిట్ విలువ తగ్గుతుంది, అంటే మన జేబులోది తీసి మన చేతికే ఇస్తున్నారన్నమాట. షేరు విషయంలోనూ అంతే, డివిడెండు తేదీ దాటగానే ధర సుమారు అంత మేరా దిగుతుంది. దాన్ని తిరిగి పెట్టడంలో మాయేమీ లేదు, ఉన్నదాన్ని ఉన్నచోట ఉంచడమే.

లెక్క కూడా చూద్దాం. మన ఊళ్లలో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకిస్తే, బారువడ్డీ అయినా యాభై నెలల్లో అసలు రెట్టింపవుతుంది. డివిడెండు ఏడాదికి నూటికి రెండు రూపాయలొస్తే అదే పెద్ద మాట. దాన్ని పొల్లుపోకుండా తిరిగి పెట్టినా షేర్ల సంఖ్య రెట్టింపు కావడానికి సుమారు 35 ఏళ్లు. ఆ మధ్యలో కంపెనీ ఎదిగి, ధర పెరిగి, డివిడెండూ పెరిగితేనే పుస్తకాల్లో రాసే అద్భుతాలు జరుగుతాయి. ఓపిక మన చేతిలో ఉంది. ఎదుగుదల మన చేతిలో లేదు.

ధనానికి మూడే గతులన్నాడు భర్తృహరి. దానం, భోగం, నాశం. మొదటి రెండూ చేయనివాడి సొమ్ముకు మూడోదే గతి. డివిడెండు తిప్పిపెట్టేవాడు ఈ మూడింట్లో ఏది చేస్తున్నట్టు? ఇవ్వలేదు, తినలేదు, పోగొట్టుకోనూ లేదు. నాలుగో గతి కనిపెట్టానని అతని నమ్మకం. నా అనుమానం వేరు. అతను కనిపెట్టింది గతి కాదు, వాయిదా. ఏదో ఒక రోజు ఆ మూడు తలుపుల్లో ఒకటి తెరవాల్సిందే. తను తెరవకపోతే కాలం తెరుస్తుంది, అది తెరిచేది ఎక్కువగా మూడోదే.

అందుకు సాక్ష్యం మన కృష్ణా జిల్లా బ్యాంకే. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది, 2001లో పది రూపాయల షేరును పది రూపాయలకే జనానికి అమ్మింది. కృష్ణా జిల్లాలో ఉపాధ్యాయులు, చిన్న రైతులు, బ్యాంకు సిబ్బంది, 'మన బ్యాంకు' అని వందో రెండు వందలో కొన్నారు. కొన్నేళ్లు పంట పండింది. 2010 ప్రాంతంలో షేరుకు ఐదు రూపాయల డివిడెండు, అంటే పెట్టిన పదికి ఏడాదిలో సగం తిరిగొచ్చినట్టు. ధర వంద దాటింది. తర్వాత మొండి బాకీలు, నష్టాలు, డివిడెండు బంద్. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయేనాటికి షేరు మళ్లీ ఆ పది రూపాయల దరికే చేరింది. వెయ్యి షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లిచ్చారు. వంద షేర్లున్న మాస్టారి వాటా ముప్ఫై రెండున్నర. ఆ అర షేరు మన దగ్గర చెల్లదు కాబట్టి దానికి డబ్బే దిక్కు.

ఇప్పుడు చెప్పండి, ఇద్దరిలో ఎవరు తెలివైనవాడు? ఏటా వచ్చిన ఐదేసి వందలు పిల్లల పుస్తకాలకో పండక్కో ఖర్చుపెట్టినవాడా? మంచి రోజుల్లో ఆ డబ్బుతో వందకు పైబడిన ధరకు అదే బ్యాంకు షేర్లు కొన్న గట్టివాడా? మొదటివాడు తిన్నది తిన్నాడు, అసలూ అలాగే నిలిచింది. రెండోవాడు చెట్టు మొదట్లో పోసిన పళ్లన్నీ చెట్టుతోపాటే ఎండాయి. ఆ తర్వాతి ఏళ్లలో యూనియన్ బ్యాంకు షేరు బాగా కోలుకుంది, అది వేరే కథ. అప్పటిదాకా ఆగగలిగిన వాళ్లెందరు?

ఆగడం అందరికీ ఒక్కలాంటిది కాదు. జగ్గయ్యపేట దగ్గర జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. ఆ రెండు కంపెనీల షేర్లనూ ఎవరైనా ఇంట్లో కూర్చుని కొనొచ్చు. కొన్నవాడికి డివిడెండు ఎందుకివ్వాలంటే, డబ్బు తినకుండా ఆగాడు కాబట్టి అంటుంది ఆర్థికశాస్త్రంలో ఒక వాదం. మరి లారీకి బస్తాలెత్తే మనిషి? అతని కూలి సాయంత్రానికి బియ్యమైపోతుంది. ఆగే గుణం లేక కాదు, ఆగే వీలు లేక. మన ఓపికలో చాలా భాగం మన మంచితనం కాదు, నిండుగా ఉన్న వంటింటి చలవ. వచ్చిన డివిడెండుతో బీపీ మాత్రలు కొనుక్కున్న పెద్దావిణ్ణి 'క్రమశిక్షణ లేదు' అనే పెట్టుబడి సలహాదారుల మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో సంగతి. ఈ రోజు నేను తినకుండా దాచేది ఎవరికి? ఇరవై ఏళ్ల తర్వాతి నాకు. ఆ మనిషికి పళ్లుంటాయో ఉండవో, తియ్యటి రసం పడుతుందో పడదో నాకు తెలియదు. అతని కోసం నా కడుపు మాడ్చుకుంటే అది నా ఇష్టం. నా భార్య మోకాలి వైద్యాన్ని అతని కోసం వాయిదా వేస్తే? అప్పుడది పొదుపు కాదు, మరొకరి సొమ్ముతో చేసే త్యాగం. ఇళ్లలో తరచూ జరిగేది ఇదే.

అందుకే, డ్రిప్ లాంటి ఏర్పాటు మనకు లేదని నేను బాధపడను. యంత్రానికి అప్పగిస్తే ప్రశ్న రాదు. ఇక్కడ ప్రతి మెసేజ్‌తో ప్రశ్న వస్తుంది, తినాలా, ఇవ్వాలా, తిరిగి పెట్టాలా? పెట్టాలనిపిస్తే ఆ చిల్లరను కొన్నాళ్లు పోగుచేసి, ఏ కంపెనీ బాగుందో చూసి, ఒక షేరు కొనొచ్చు. అదే కంపెనీలో పెట్టాలని లేదు. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండు మీద పన్ను కూడా వాటాదారుడి లెక్కలోకే వస్తోంది. తిన్నా, తిరిగి పెట్టినా అది మన ఆదాయమే అని ప్రభుత్వానికి తెలుసు. మనకూ తెలిసి ఉంటే మంచిది.

వాయిదా మరీ ముదిరితే ఏమవుతుందో కంపెనీల చట్టమే చెప్పింది. ఏడేళ్లు ఎవరూ తీసుకోని డివిడెండు ఐఈపీఎఫ్ అనే కేంద్ర ప్రభుత్వ నిధికి వెళ్తుంది. ఏడేళ్లు వరుసగా డివిడెండు తీసుకోకపోతే షేర్లూ దాని వెంటే వెళ్తాయి. కొన్నవాడు పోయాడు, ఇంట్లోవాళ్లకు తెలియదు, చిరునామా మారింది, కారణాలు సాధారణంగా ఇవే. తిరిగి తెచ్చుకోవచ్చు, దానికి ఐఈపీఎఫ్-5 అనే ఫారం ఉంది, కాగితాల తంటా కూడా బోలెడు. మీ ఇంట్లో పెద్దవాళ్ల ట్రంకుపెట్టెలో పాత షేరు పత్రాలుంటే ఒకసారి తీసి చూడండి. మీ పేరనే షేర్లుంటే నామినీ పేరు రాయించి, ఫోలియో నంబరో డీమ్యాట్ నంబరో ఇంట్లో ఇంకొకరికి ఈ వారంలోనే చెప్పండి.