నా కోపం ఎవరిని కాలుస్తోంది?

మొన్న రాత్రి భోజనం 20 నిమిషాలు లేటైందని డెలివరీ అబ్బాయి మీద అరిచేశాను. వానలో తడిసి ముద్దైపోయి ఉన్నాడు పాపం. "సారీ సార్" అని వెళ్ళిపోయాడు. లేటు చేసింది తనే కదా, నా కోపం న్యాయమే అనుకున్నాను.

పడుకునేముందు సుందరకాండ గుర్తొచ్చింది. హనుమంతుడు లంకను కాల్చింది తన కోసం కాదు. అయినా ఆ మంటలు చూడగానే, "అయ్యో, సీతమ్మకి ఏమైనా అయ్యిందేమో" అని వణికిపోయాడు, తన కోపాన్ని తానే తిట్టుకున్నాడు. అమ్మ క్షేమమని విన్నాక కూడా, వెళ్ళి కళ్లారా చూసి నమస్కరించాకే బయల్దేరాడు.

ధర్మం కోసం వచ్చే కోపం వెనక్కి తిరిగి చూసుకుంటుంది. నాది నా ఆకలి దగ్గరే ఆగిపోయింది. ఆ అబ్బాయికి సారీ చెప్దామంటే ఇప్పుడెక్కడ వెతకను?

అందుకే అరిచే ముందే అడుగుదాం: ఈ మంటలో ఎవరు కాలుతున్నారు? జై శ్రీరామ్.