తప్పు వేళ్ళదేనా?

అమెరికా వచ్చిన కొత్తల్లో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది లైటు స్విచ్చి. మన ఇళ్ళలో కిందికి నొక్కితే దీపం వెలుగుతుంది, ఇక్కడ పైకి. బుర్రకి ఒక్కరోజులో తెలిసింది. చేతికి తెలియడానికి ఏడాది పట్టింది. చీకట్లో గోడ తడుముకుంటుంటే మా రూమ్మేటు నవ్వేవాడు తప్ప, అది నా నేరమని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. నా మూలంగా ఒకావిడకి మాత్రం అలా పెట్టారు.

2004లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కన్సల్టెంటుగా ఉన్నాను. వాళ్ళ క్లెయిములన్నీ మెయిన్‌ఫ్రేములో ఉండేవి. ఐబీఎం 1971లో తెచ్చిన 3270 టెర్మినళ్ళు అప్పటికే మూలపడ్డాయి గానీ, పీసీ మీద వాటి వేషం కట్టే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. నల్లతెర, పచ్చ అక్షరాలు. పాతది తీసేసి కొత్తది పెట్టే పని నాకు అప్పజెప్పారు.

ఆ టెర్మినల్ తీరే వేరు. టైపు చేసింది ముందు తెరమీదే ఉంటుంది. ఎంటర్ నొక్కాకే అదంతా మూటగట్టుకుని మెయిన్‌ఫ్రేముకి వెళుతుంది. ఆ పాత కీబోర్డుల్లో ఎంటర్ ఉండేది ఇప్పుడు కుడి కంట్రోల్ ఉన్నచోట. మనం ఇవాళ ఎంటర్ అని కొట్టే పెద్ద మీట కర్సర్‌ని కింది లైనుకి తీసుకెళ్ళేది, అంతే. ఏమీ పంపేది కాదు. బాక్‌స్పేస్ వెనక్కి జరిపేదే గాని అక్షరాన్ని చెరిపేది కాదు. ఎమ్యులేటర్లో ఇవన్నీ మార్చుకోవచ్చు. ఏ మీటకి ఏ పనో మనమే చెప్పొచ్చు.

నేను మార్చాను. పెద్ద మీటకి ఎంటర్ ఇచ్చాను, బాక్‌స్పేస్ చెరిపేలా చేశాను. కొత్తగా చేరే కుర్రాళ్ళకి సులువు, అందరికీ ఒకే ఫైలు. మరి పాతవాళ్ళో అని ఎవరో అడిగితే, "రెండు వారాల్లో అలవాటైపోతుంది" అన్నాను.

అక్కడ అరవై దాటినావిడ ఒకరు ఉండేవారు. పాతికేళ్ళుగా అదే పని, కీబోర్డుకేసి చూసేవారే కాదు. లైను మారడానికి అలవాటుగా పెద్ద మీట నొక్కేవారు, సగం నింపిన క్లెయిము కాస్తా వెళ్ళిపోయేది. పైనున్న తప్పనిసరి గడులు నిండితే చాలు, మెయిన్‌ఫ్రేము కిమ్మనకుండా తీసుకునేది. నెల తిరిగేసరికి తప్పుల పట్టికలో మొదటి పేరు ఆవిడదే. హెచ్చరిక కాగితం ఇచ్చారు. మీటింగులో ఎవరో "వయసు కదా" అన్నారు. కారణమేమిటో అప్పటికే నాకు అనుమానం ఉంది. నా కాంట్రాక్టు పొడిగింపు మీద సంతకం ఆ వారంలోనే. నోరు మెదపలేదు.

మూడురోజుల తరవాత ఉండబట్టలేక ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళాను. "నా వేళ్ళు ముసలివైపోయాయి, పాపం నువ్వేం చేస్తావు?" అన్నారు. పాత అమరిక తిరిగి పెట్టడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. తప్పులు ఆగిపోయాయి. మేనేజరుకి జరిగింది చెప్పాను. "ఇప్పుడు బాగానే ఉందిగా" అన్నాడు. ఆ కాగితం ఫైల్లోంచి తీశారా అని ఒకసారి అడిగాను. చూస్తానన్నాడు. రెండోసారి అడగలేదు.

ఇంతకీ తప్పెవరిది? నొక్కింది ఆవిడ వేలే, కాదనను. కానీ ఒక మాటకి రాత్రికి రాత్రి అర్థం మార్చేసి, పొద్దున్నే దాన్ని పాత అర్థంలో వాడిన మనిషిని మాట తప్పిందంటే న్యాయమా?

అవతలి వాదన కూడా ఉంది. ఒక్కొక్కరికి ఒక్కో అమరిక ఇస్తే, ఒకరి సీట్లో ఇంకొకరు కూర్చుని పనిచేయలేరు, చెడినప్పుడు బాగుచేయడమూ కష్టమే. రేపు వచ్చేవాళ్ళ సౌకర్యమూ చూడాలి. అందుకే మార్చడమే పాపం అనను. మార్పు వల్ల వచ్చిన లాభం కంపెనీకీ, మంచిపేరు నాకూ, తప్పుల లెక్క ఆవిడకీ పంచాం చూడండి, అక్కడుంది అన్యాయం. మార్చినవాడు ఆ లెక్కలో తన వాటా తీసుకోవాలి, అదీ ఎవరూ అడక్కముందే.

ఇంకోటి ఒప్పుకోవాలి. సర్దుకుపోవడమంటే మన ప్రవాసులకి కాస్త గర్వం. నేను దేశమే మారి నెగ్గుకొచ్చాను, ఈవిడ ఒక్క మీట మారలేరా అని లోలోపల అనుకున్నాను. కానీ నేను కోరి విమానం ఎక్కినవాణ్ణి. ఆవిడ తన కుర్చీలోనే కూర్చుని ఉండగా దేశం మారిపోయింది. ఆవిణ్ణి అడిగినవాళ్ళు లేరు.

ఇప్పుడు ఎక్కడ ఏ సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చినా, ముందొక పూట అక్కడ పనిచేసేవాళ్ళ వెనక కుర్చీ వేసుకుని వాళ్ళ వేళ్ళనే చూస్తాను. బిల్లులో ఆ గంటలు దండగ అన్నవాళ్ళున్నారు. అన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ కాగితమే. అది ఫైల్లో ఉందో లేదో నాకీనాటికీ తెలియదు.